ఊరు చూడ్డానికి వెళ్ళి కుక్కని తిప్పి రావడం

"మా అమ్మాయీ అల్లుడూ పొద్దున్న ఎనిమిదింటికి వెళితే సాయంత్రం ఆరింటికిగానీ రారు. మనవడు స్కూలుకి పోతాడు. ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ మిగులుతాం. ఎంతసేపని టీవీ చూడను? ఇక్కడికి దగ్గర్లోనే కుక్కల షెల్టరుంది. జీతం లేకుండా వచ్చి కుక్కల్ని నడిపించేవాళ్ళు కావాలని బోర్డు పెట్టారు. అమ్మాయి వెళ్ళమంటోంది. మా ఆయనేమో ఫోన్లో 'అమెరికా వెళ్ళి కుక్కల్ని కాస్తావా' అని ఒకటే నవ్వు. వెళ్ళమంటారా, మానెయ్యమంటారా?" అని టెక్సాస్ నుంచి ఒక సోదరి రాశారు.

వెళ్ళమనే అంటాను. కాకపోతే ఇలాంటి విషయంలో 'వెళ్ళండి' అని ఒక్కమాట అనేసి వూరుకోవడం కుదరదు. నాలుగు సంగతులు చెప్పుకోవాలి.

ముందుగా వారి నవ్వు సంగతి. 1860లో లండన్‌లో మేరీ టీల్బీ అనే ఆవిడ వీధిలో తిండిలేక పడివుండే కుక్కల కోసం ఒక ఇల్లు తెరిచింది. అప్పుడు పత్రికలు కూడా ఇలాగే నవ్వాయి. మనుషులకే దిక్కులేదు, కుక్కలకి ఇల్లా అని. రెండేళ్ళు తిరక్కుండానే చార్లెస్ డికెన్స్ నడిపే పత్రికలో ఆ ఇంటిని మెచ్చుకుంటూ వ్యాసం వచ్చింది. 1871లో అది బాటర్సీ అనే పేటకి మారింది, ఇప్పటికీ ఆ పేటపేరుతోనే నడుస్తోంది. నవ్విన పత్రికల సంగతి ఎవరికీ గుర్తులేదు. కనుక ఆయన నవ్వితే నవ్వనివ్వండి.

ఇక షెల్టరంటే ఏమిటో చూద్దాం. తప్పిపోయినవీ, యజమానులు ఇల్లు మారుతూ వదిలేసినవీ, ముసలివైపోయాయని తెచ్చి దింపేసినవీ అక్కడ చేరతాయి. ఒక్కోదానికి ఒక చిన్న గది, సిమెంటు నేల, ముందు ఇనప చట్రం. తిండికి లోటుండదు, మందులకి లోటుండదు. లోటల్లా మనిషికే. పనివాళ్ళు పదిమంది వుంటే కుక్కలు రెండొందలు వుంటాయి. కడగడానికీ, పెట్టడానికే రోజు సరిపోతుంది. ఇక తిప్పేదెవరు? పొద్దస్తమానం పక్కగదుల్లో అరుపులు వింటూ నెలల తరబడి పడివుంటే, బంగారంలాంటి కుక్క కూడా పిచ్చిగా గుండ్రంగా తిరగడం, చట్రం మీదికి ఎగరడం మొదలెడుతుంది. పెంచుకుందామని వచ్చినవాళ్ళు దాన్ని చూసి 'అబ్బో, ఇది మాకొద్దు' అని పక్కదాని దగ్గరికి పోతారు. అలా ఎవరూ తీసుకెళ్ళనివి, చోటు చాలక కొన్నిటినీ, జబ్బు చేసి కొన్నిటినీ సూదిమందు ఇచ్చి చంపేస్తారు. అమెరికా షెల్టర్లలో 2024 ఒక్క ఏడాదిలోనే ఇలా పోయిన కుక్కలు మూడు లక్షల పైచిలుకు. కనుక గంటసేపు తిప్పి తేవడమనేది కాలక్షేపం మాటే కాదు. ఆ కుక్క బతుకు మాట కూడా.

"ఒక పూట ముద్దుచేసి మళ్ళీ తీసుకెళ్ళి ఆ గదిలోనే వదిలెయ్యడం పాపం కాదూ?" అని మీకనిపించవచ్చు. చాలామందికి అనిపిస్తుంది. అమెరికాలో పరిశోధకులు ఈ ప్రశ్నే వేసుకున్నారు. మనసులో ఆందోళన ఎక్కువైనప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే పదార్థం పెరుగుతుంది, మూత్రం పరీక్షచేస్తే తెలుస్తుంది. ఐదు షెల్టర్లలో రెండొందల పైచిలుకు కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఎవరో ఒకరి ఇంట్లో పడుకోబెట్టి చూశారు. ఇంట్లో వున్నన్నాళ్ళూ అది తగ్గింది. తిరిగి షెల్టరుకి వచ్చాక మళ్ళీ పాతస్థాయికే వచ్చింది గానీ, అంతకంటే పెరగలేదు. 2019లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే తిరిగి వదిలేసినందుకు వాటికి కొత్తగా కలిగిన కష్టం లేదన్నమాట.

తమాషా ఏమిటంటే, రెండుమూడు గంటలు బయట తిప్పితే ఏమవుతుందో కూడా వాళ్ళే చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితం ఇంత బాగా లేదు. ఆ కాస్సేపట్లో కార్టిసాల్ తగ్గకపోగా పెరిగింది. ఆశ్చర్యమేముంది? కొత్త కారు, కొత్త మనిషి, కొత్త వీధి, దానికీ కంగారే కదా! మర్నాటికి మామూలైపోయింది. అయితే అసలు సంగతి 2023లో తేలింది. అలా బయటికి వెళ్ళివచ్చిన కుక్కలకి ఇల్లు దొరికే అవకాశం దాదాపు ఐదురెట్లు పెరిగిందట. రాత్రి ఎవరింట్లోనైనా పడుకుని వచ్చినవాటికైతే పద్నాలుగు రెట్లు!

నడిపిస్తే ఇల్లెందుకు దొరుకుతుంది అంటారా? మంత్రమేమీ లేదు. బయట పదిమంది చూస్తారు. చాలాచోట్ల 'నన్ను పెంచుకోండి' అని రాసిన చిన్న కోటు కూడా తొడిగి పంపుతారు. అంతకంటే ముఖ్యం, నడిపించినవాళ్ళు తిరిగి వచ్చి చెప్పే మాటలు. 'కారులో బుద్ధిగా కూర్చుంది', 'పిల్లలు దగ్గరికొస్తే తోక వూపింది', 'లారీ చప్పుడుకి భయపడింది' - ఇవి చట్రం వెనకాల వున్నప్పుడు ఎవరికీ తెలియవు. పిల్లల మొహం చూసి జ్వరం వస్తుందో రాదో ముందే చెప్పెయ్యగల ఆడవాళ్ళం మనం. ఆ కన్ను అక్కడ పనికొస్తుంది. ఇంటికొచ్చాక నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంగ్లీషు రాకపోతే మనవడి చేత రాయించండి. ఇదిగో, ఫోటో తీసుకుని అందరికీ పంపి వూరుకుంటే మాత్రం కుక్కకి ఒరిగేదేమీ లేదు.

మనకి కుక్కలంటే వున్న భయాన్ని నేను కొట్టిపారెయ్యను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపేసిన వార్త చదివినవాళ్ళెవరూ మర్చిపోలేరు. పిల్లల్ని కన్నవాళ్ళకి ఆ భయం వుండాలి కూడా. అయితే షెల్టరులో మీ చేతికిచ్చేది అక్కడివాళ్ళు పరీక్షించి, టీకాలు వేసి, స్వభావం చూసి వుంచిన కుక్క. 'నాకు అలవాటు లేదు, పెద్ద వయసు, నెమ్మదిగా నడిచేదాన్ని ఇవ్వండి' అని నోరువిడిచి అడగండి. ముసలికుక్కని అడిగితే వాళ్ళెంత సంతోషిస్తారో! వాటిని ఎవరూ తీసుకెళ్ళరు. అరవై దాటిన మనకీ, పదేళ్ళు దాటిన దానికీ నడక సరిగ్గా సరిపోతుంది.

మడీ ఆచారం వున్నవాళ్ళ మాట వేరే చెప్పాలా? పొద్దున్న పూజా వంటా అయ్యాకే వెళ్ళండి, వచ్చి స్నానం చెయ్యండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. అంతకంటే పెద్ద పరీక్ష ఇంకోటుంది. అక్కడ కుక్క దారిలో రెండోకి వెళితే, నడిపించేవాళ్ళే చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఎత్తి, ముడివేసి, చెత్తడబ్బాలో వెయ్యాలి. అమెరికాలో చాలా వూళ్ళలో ఎత్తకపోతే జరిమానా. విని మొహం చిట్లించకండి. పది మంది పిల్లల గుడ్డలు ఉతికిన ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళమే కదా మనం.

ఈ పని అమెరికాలో కాపరాలున్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడే కాదు, సరదాకి ఊళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా చెయ్యవచ్చు. అలాంటి చోట్లు కొన్ని చాలా బాగుంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది టర్క్స్ అండ్ కైకోస్ అనే దీవుల కథ. బహామాస్ పక్కన, బ్రిటిష్ వారి ఏలుబడిలో వున్న చిన్న దీవులు. అక్కడి వీధికుక్కల్ని 'పాట్‌కేక్' అంటారు. కుండలో కేకు! ఎందుకో తెలుసా? అక్కడి ఇళ్ళల్లో బియ్యమూ గింజలూ కలిపి ఒకే కుండలో వండుతారు. ఆ గింజలు మరేవో కావు, మన కందులే. మన పులగానికి దూరపు చుట్టం అనుకోండి. కాకపోతే ఉల్లిపాయలూ, టమాటా పడతాయి. కుండ అడుగున పట్టిన మాడుచెక్కని గీకి వీధికుక్కకి వేసేవారు. ఆ మాడు తిని పెరిగిన కుక్క కనుక పాట్‌కేక్. మన అమ్మమ్మలు కూడా అడుగంటిన అన్నం దొడ్లో కుక్కకి పెట్టేవారు గానీ, పేరు పెట్టాలని మనకి తోచలేదు.

ఆ దీవుల్లో ప్రొవిడెన్షియాలెస్ అనే చోట, పాట్‌కేక్ ప్లేస్ అని ఒక సంస్థ వుంది. విహారానికి వచ్చినవాళ్ళు అక్కడికి వెళితే ఒక కుక్కపిల్లనీ, దాని సరంజామా సంచీనీ చేతికిస్తారు. సముద్రపు వొడ్డున తిప్పి తెచ్చి అప్పగించాలి. పొద్దున్నే తలుపు తియ్యకముందే వరసలో నిలబడతారట, మన రేషను షాపు దగ్గరలాగ. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల దాకా కుక్కపిల్ల ఏం చూస్తే అది దానికి మామూలైపోతుంది. ఆ వయసులో రకరకాల మనుషుల చేతుల్లో తిరిగింది పెద్దయ్యాక మనుషుల్ని చూసి బెదరదు. విహారానికి వచ్చినవాళ్ళ సరదా కుక్కపిల్లకి చదువన్నమాట.

హవాయి దీవుల్లో కూడా ఇలాంటి ఏర్పాటుంది. మావీ దీవిలోనూ, కవాయి దీవిలోనూ హ్యూమేన్ సొసైటీలు వున్నాయి. ముందుగా చెప్పి వుంచుకుంటే ఒక పూటంతా కుక్కని మీ వెంట తిప్పుకోవచ్చు. కొంత చందా తీసుకుంటారు. అమెరికా రాష్ట్రాల్లో రేబీస్ లేనిది హవాయి ఒక్కటే, కనుక భయస్తులకి మొదటి అనుభవం అక్కడైతే నయం.

లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కేన్యన్, జాయన్ చూడ్డానికి మన పిల్లలు కార్లలో తీసుకెళుతూంటారు కదా, ఆ దారుల్లోనే యూటా రాష్ట్రంలో కనాబ్ అనే చిన్న ఊరుంది. దాని పక్క ఎర్రరాళ్ళ లోయలో బెస్ట్ ఫ్రెండ్స్ అనే సంస్థ 1984 నుంచీ పెద్ద ఆశ్రమం నడుపుతోంది. కుక్కలూ, పిల్లులూ, గుర్రాలూ, పందులూ, పక్షులూ అన్నీ కలిపి దాదాపు పదహారు వందల ప్రాణులుంటాయి. కుక్కని నడిపించడమే కాదు, అనుమతి తీసుకుని రాత్రికి మీ బసకి కూడా తెచ్చుకోవచ్చు. పందేల కోసం కొట్లాడించిన కుక్కలు ఇరవై రెండింటిని 2008లో అక్కడికి తెచ్చారు. చంపెయ్యడం తప్ప దారిలేదని చాలామంది అన్న కుక్కలవి. కొన్ని ఇళ్ళల్లో పెరిగి సుఖంగా ముసలివయ్యాయి.

ఇటు తూర్పుకి వస్తే, మనవాళ్ళు ఇప్పుడు తెగ వెళుతున్న థాయిలాండ్. ఫుకెట్‌లో సోయి డాగ్ అనే సంస్థ వుంది. 'సోయి' అంటే సందు. సందుకుక్క అని పేరు పెట్టుకున్నారన్నమాట. 2003లో దాన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో జిల్ డాలీ అనే ఇంగ్లీషావిడ ఒకరు. 2004లో ఒక కుక్కని పట్టుకోవడానికి ఆవిడ నీళ్ళు నిండిన గేదెల పొలంలోకి దిగింది. అక్కడ సోకిన విషక్రిమి రక్తంలోకి పాకింది. ప్రాణం దక్కడానికి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసెయ్యాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్నే సునామీ. పెట్టుడు కాళ్ళు కూడా లేని ఆ స్థితిలోనే ఆస్పత్రుల్లో బాధితులకి సాయంగా వెళ్ళింది. ఆ తర్వాత పెట్టుడు కాళ్ళతో 2017లో పోయేదాకా ఆ కుక్కల మధ్యే తిరిగింది. ఆ సంస్థ ఇప్పటిదాకా పది లక్షలకు పైగా ప్రాణులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి, టీకాలు వేసింది. వీధికుక్కల బెడదకి అసలు మందు అదే. నడిపించడం దాని పక్కన చిన్న ఉపకారం.

థాయిలాండ్‌లోనే కో లాంటా అనే దీవిలో జూనీ కోవాక్స్ అనే ఆవిడ వంట నేర్పే బడి పెట్టి, దాని మీద వచ్చిన లాభంతో 2005లో కుక్కలకీ పిల్లులకీ షెల్టరు తెరిచింది. నిమ్మగడ్డి, కొబ్బరిపాలు, పచ్చిమిరపకాయలు నూరడం నేర్పి, ఆ డబ్బుతో కుక్కల్ని బాగుచెయ్యడం! ఈ ముక్క మన వంటల పేజీ వాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇలాంటి దేశాల్లో రేబీస్ వుంది, మన దేశంలో వున్నట్టే. కుక్కల మధ్య పనిచెయ్యాలనుకునేవాళ్ళు ముందుగా వేయించుకునే టీకా వుంది, బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. అది వేయించుకున్నా సరే, ఎక్కడైనా కరిచినా, గీరినా సబ్బుతో ధారకింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. పసుపు అద్దడం, కారం అద్దడం, 'చూద్దాంలే' అనుకోవడం పనికిరాదు. 

చీరతో వెళ్ళకండి. కుచ్చిళ్ళలో తాడు చిక్కుకుంటే ఇద్దరూ పడతారు. చుడీదారు వేసుకుంటే చున్నీ ఇంట్లో వుంచండి, లేదా నడుముకి బిగించండి. చెప్పులు కాదు, కాళ్ళని మూసే బూట్లు. గాజులూ, పొడుగు గొలుసులూ తీసెయ్యండి. కుక్క తాడు చివర వుండే ఉచ్చులో చెయ్యి దూర్చి, తాడుని అరచేత్తో గట్టిగా పట్టుకోండి. వేలికి చుట్టుకోవద్దు, అది ఒక్క గుంజు గుంజితే వేలు విరుగుతుంది. ఎదురుగా ఇంకో కుక్క వస్తే పక్కకి తప్పుకోండి, పరిచయాలు చెయ్యబోకండి. ఎండాకాలం మీ అరచేతి వెనకభాగం తారురోడ్డుకి ఆనించి చూడండి. ఏడు లెక్కపెట్టేలోగా చురుక్కుమంటే కుక్క పాదాలకీ అంతే, ఆ పూట గడ్డిలో తిప్పండి. అన్నట్టు, 'రా', 'కూర్చో' అంటే ఆ కుక్కకి తెలియదు. దానికి తెలిసింది 'కమ్', 'సిట్'. మనవడు చిన్నప్పుడు మీకు నేర్పిన ఇంగ్లీషు చాలు.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. మన చెయ్యి వూరుకోదు, కొంగున ఏదో ఒకటి కట్టుకెళ్ళి పెడదామనిపిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ - ఇవి కుక్కలకి విషం. అంటే మన సాంబారన్నం, కిస్‌మిస్ వేసిన పాయసం, రెండూ పనికిరావన్నమాట. పంచదార బదులు జైలిటాల్ వేసిన బిస్కట్లూ, చూయింగ్ గమ్ములూ ఇంకా ప్రమాదం. షెల్టరువాళ్ళు ఇచ్చిందే పెట్టండి, మరేమీ వద్దు.

ఆ టెక్సాస్ సోదరికి ముఖ్యంగా రెండు మాటలు. మీరు వెళ్ళింది విజిటర్ వీసా మీద. జీతం తీసుకుని పని చెయ్యకూడదని మీకు తెలుసు. జీతం లేని పని విషయంలోనూ ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. కనుక దరఖాస్తు నింపేటప్పుడే 'నేను చూడ్డానికి వచ్చినదాన్ని, నాతో ఈ పని చేయించుకోవచ్చా' అని షెల్టరువాళ్ళనే అడగండి. డబ్బుగానీ, దారిఖర్చుల పేరుతో కూపన్లుగానీ ఏదిచ్చినా పుచ్చుకోకండి. రెండోది, మీ ఆరోగ్య బీమా. కుక్క గుంజి కిందపడితే మన వయసులో తుంటి విరుగుతుంది, అక్కడ ఆస్పత్రి బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. బీమా లేకుండా కుక్క తాడు పట్టుకోవద్దు. మామూలు షెల్టర్లలో ముందు ఒక పూట తరగతిలాంటిది పెట్టి, కొన్ని నెలలపాటు వస్తామని మాట తీసుకుంటారు. మీరు ఆరునెలలు వుండేట్టయితే ఫరవాలేదు. నెల్లో తిరిగి వచ్చేట్టయితే 'ఒక్క పూటకి కుక్కని బయటికి తీసుకెళ్ళే పద్ధతి మీ దగ్గర వుందా' అని అడగండి, చాలా వూళ్ళలో వుంది.

ఇంకో పని గురించి కూడా అడుగుతూంటారు, విమానంలో కుక్కకి తోడు రావడం. సోయి డాగ్, పాట్‌కేక్ ప్లేస్ లాంటి సంస్థలు, పెంచుకునేవాళ్ళు వేరే దేశంలో వుంటే ఆ దారిన వెళ్ళే ప్రయాణీకుల తోడు అడుగుతాయి. కాగితాలూ, ఖర్చులూ వాళ్ళవే, దిగినచోట ఎవరో ఒకరొచ్చి తీసుకుంటారు. అమెరికాలోకి తెచ్చే కుక్కకి ఆరునెలల వయసు నిండాలనీ, ఒంట్లో గుర్తింపు చిప్పు వుండాలనీ 2024 ఆగస్టు నుంచి నియమం వచ్చింది. తెలిసిన సంస్థ ద్వారా అయితేనే ఒప్పుకోండి. విమానాశ్రయంలో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి 'ఈ కుక్కపిల్లని కాస్త పట్టుకెళ్ళండమ్మా' అంటే, సూటుకేసు ఇచ్చినా తీసుకోం కదా, ఇదీ అంతే.

నడిచే ఓపిక లేనివాళ్ళు కూడా షెల్టరుకి పనికొస్తారు. అక్కడ ఎప్పుడూ కావలసింది పాత తువ్వాళ్ళు, పాత దుప్పట్లు. మీ అమ్మాయి ఇంట్లో అలమర అడుగున మూలుగుతున్నవాటిని ఉతికి, మడతపెట్టి పంపండి. దూది దిండ్లు మాత్రం చాలాచోట్ల తీసుకోరు, కుక్కలు చింపి మింగుతాయి. ఫోన్ చేసి కనుక్కుని మరీ పంపండి.